ఒమేగా శాఖలో చేరిన ఇడెల్లా

బర్మింగ్‌హామ్, అలబామా
9 ఫిబ్రవరి 1998

మార్వెటా తల్లికి,

నీ ఉత్తరం అందింది. కాలేజీ పేరు అచ్చేసిన కాగితం మీద "శ్రీమతి టాలివర్ గారికి" అని మొదలుపెట్టావు. నీ ముక్కు తుడిచి, జడలల్లి బడికి పంపిన పెద్దమ్మ నీకు శ్రీమతి టాలివర్ గారు ఎప్పుడయ్యిందే?

కాలేజీ రోజుల్లో మేం ఆడపిల్లలం చేరిన మా ఈటా రో టౌ సంఘం పాత సామానంతా మీ కాలేజీ ఆర్కైవ్స్‌కి, అదే నువ్వు పనిచేసే ఆ పాత కాగితాల కొట్టుకి, ఇచ్చెయ్యమంటావు. చెమ్మకీ చెదలకీ పాడవకుండా చూస్తామంటావు. నా మంచం కింద చెమ్మా లేదు, చెదలూ లేదు. అమ్మాయిల ఫొటోలు, పాటల కాగితాలు, భుజాన వేసుకునే తెల్ల పట్టీలు, అన్నీ నేను దాచినవి దాచినట్టే ఉన్నాయి.

అసలు నా అనుమానం వేరే ఉంది. మీ అమ్మ నర్సు చదువుకి వేరే ఊరు పోయింది, మా సంఘంలో చేరలేదు. పోనీ నువ్వైనా చేరతావనుకున్నాను. "ఆ తెల్ల గౌన్లూ ఆ గుసగుసలూ నాకొద్దు పెద్దమ్మా" అన్నావు. అప్పుడు గుమ్మం తొక్కనని, ఇప్పుడు బీరువా తాళాలు అడుగుతున్నావేం? మేము చేతులు కలిపే తీరు ఏమిటో, మా రహస్యం మాట ఏమిటో తెలుసుకుని నలుగురిలో పెట్టాలని కాదు కదా? అలాగైతే ఇప్పుడే చెప్పు.

అయినా నా మోకాళ్ళు వంగడం లేదు, మంచం కింద ఊడవలేకపోతున్నాను. అందుకని రెండు పెట్టెల్లో ఒకటి పంపుతున్నాను. దీన్ని ఎలా చూసుకుంటావో చూసి రెండోదాని సంగతి ఆలోచిస్తాను. ఫొటోల్లో ఏ అమ్మాయి ముఖం మీదా వేలు పెట్టకు.

కళ్ళు ఇంకా బాగా కనిపిస్తున్న
నీ పెద్దమ్మ, అర్జీలియా


హాలోవెల్ కాలేజీ, టెనెసీ
27 ఫిబ్రవరి 1998

పెద్దమ్మా,

ఆ ఉత్తరం మా ఆఫీసు పద్ధతి, నీకూ అదే, గవర్నరుకీ అదే. ఇంక కోపం తగ్గించుకో.

పెట్టె క్షేమంగా చేరింది. తుప్పు పట్టిన గుండుసూదులు తీసేశాం. ఫొటోలని పసుపెక్కనివ్వని కాగితంలో చుట్టి, చల్లని గదిలో పెట్టాం. రహస్యాల గురించి బెంగపడకు. అలాంటి కాగితం ఒక్కటీ నీ పెట్టెలో లేదు. నువ్వు ముందే ఏరి పక్కన పెట్టుకున్నావని నాకు తెలుసు, నీ సంగతి నాకు కొత్తా?

ఒక్కటి అడగాలి. 1948లో మీ శాఖ అమ్మాయిలందరినీ కోడిగుడ్డు ఆకారం గళ్ళలో పెట్టి తీయించిన పెద్ద ఫొటో ఉంది చూడు. అందులో నీ పక్క గడిలో ఉన్న అమ్మాయికి మూలగా నల్ల రిబ్బన్ అంటించి ఉంది. దాని మీద మైనం చుక్కలు పడ్డాయి. కింద నీ చేతిరాతతో "ఇడెల్లా క్రూమ్, ఒమేగా శాఖలో చేరింది" అని ఉంది. నేను "ఒమేగా శాఖకు బదిలీ" అని రాసుకున్నాను. మరి బదిలీ అయిన పిల్లకి నల్ల రిబ్బన్ దేనికి? ఏం తప్పు చేసింది? మీరంతా కలిసి వెలివేశారా? ఇది నాకేం బాగా అనిపించడం లేదు. వసంతంలో ప్రదర్శన పెడుతున్నాం, అప్పటిలోగా చెప్పు.

మార్వెటా


బర్మింగ్‌హామ్
6 మార్చి 1998

ఏమే మార్వెటా,

బదిలీ! అంత చదువు చదివి బదిలీ అని రాశావా? నీ ఉత్తరం చదివి కాఫీ అంతా గౌను మీద ఒలకబోసుకున్నాను.

విను. మా శాఖలన్నిటికీ గ్రీకు అక్షరాలే పేర్లు. హాలోవెల్‌లో మాది బీటా. ఒమేగా ఆ అక్షరాల్లో ఆఖరిది. అందుకని మా బీటాలో ఎవరైనా కన్ను మూస్తే చచ్చిపోయిందని అనం, ఒమేగా శాఖలో చేరిందంటాం. వెలివేశారా అని అడుగుతావా? ఆ పిల్ల కోసం ఏడ్చిన ఏడుపు ఇంకెవరి కోసమూ ఏడవలేదు నేను.

ఇడెల్లాదీ నాదీ ఒకే గది. నా దువ్వెనే దాని దువ్వెన, దాని మేజోళ్ళే నా మేజోళ్ళు. వాళ్ళ నాన్న మిసిసిపీలో పాస్టరు. ఆ ఏడాది చలి మొదలైనప్పటి నుంచీ దగ్గుతూనే ఉంది. క్రిస్మస్ సెలవులకి నేను ముందు బయలుదేరాను, అది తరవాత వెళ్ళాలి. జనవరిలో నేను తిరిగొచ్చాను, అది రాలేదు. వసంతంలో మా సంఘం పత్రిక వచ్చింది. తెరిస్తే ఉంది: "ఇడెల్లా క్రూమ్, బీటా నుంచి, ఒమేగా శాఖలో చేరింది."

నేను నమ్మలేదు. బస్సెక్కి వాళ్ళ ఊరు పోయాను. ఇంటికి తాళం. ఎదురింటావిడ అరుగు మీద కూర్చుని బాదం కాయల్లాంటివేవో ఒలుస్తోంది. "పాస్టరు గారి పిల్లా? పోయిందమ్మా. అందరూ పోయారు" అంది. క్షయ ఇల్లంతా తుడిచిపెట్టేసిందనుకున్నాను. ఆ మెట్ల మీదే కూలబడి, ముక్కూ ముఖం ఏకమయ్యేదాకా ఏడ్చాను.

తిరిగొచ్చి కొవ్వొత్తులు వెలిగించాం, ఆ రిబ్బన్ నేనే అంటించాను. అప్పట్లో దాని వెనక తిరుగుతున్న కుర్రాడు మీ పెద్దనాన్నే. పాపం, క్లియోఫస్ టోపీ చేత్తో పట్టుకుని నా పక్కన నిలబడి నాకంటే ఎక్కువ ఏడ్చాడు. ఆ ఏడుపులోనే మా ఇద్దరికీ మాట కలిసింది. ఆ తరవాత ఏటా అక్టోబరులో పాత విద్యార్థులందరూ కలిసినప్పుడు, పోయినవాళ్ళ పేర్లు నేనే చదువుతున్నాను. ఇడెల్లా పేరు మాత్రం గొణిగి వదిలేస్తాను.

నీ బదిలీ కొట్టేసి సరిగ్గా రాయి.

అర్జీలియా


హాలోవెల్ కాలేజీ
18 ఏప్రిల్ 1998

పెద్దమ్మా,

కూర్చుని చదువు. దగ్గర మంచినీళ్ళు పెట్టుకో.

నిన్న ప్రదర్శన మొదలైంది. మీ ఫొటో గోడకి పెట్టాం. కింద నువ్వు చెప్పినట్టే ఇడెల్లా చనిపోయిందని రాశాను. మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చింది. సన్నగా, పొడుగ్గా, నీలం టోపీ. మనవరాలు ఇక్కడ మొదటి సంవత్సరం చదువుతోందట, దాని కోసం టెక్సాస్ నుంచి వచ్చి ఊళ్ళోనే ఉంటోందట. ఫొటో ముందు ఆగింది, కళ్ళజోడు తీసి తుడుచుకుంది, మళ్ళీ పెట్టుకుంది. నన్ను వేలితో పిలిచింది.

"అమ్మాయీ, ఇది నేను. నన్ను చంపిందెవరు?"

మనవరాలు పకపకా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

"ఇలా రా, చూడు" అని టోపీ పైకెత్తింది. ఎడమ కనుబొమ్మ మధ్యలో గాటుంది. ఫొటోలోనూ ఉంది, పెద్దమ్మా. "ఎవరి రాత ఇది? ఎవరి రిబ్బను? నాకు పేరు కావాలి" అంది. పాత వస్తువులు ఇచ్చినవాళ్ళ పేరు వాళ్ళనడక్కుండా చెప్పకూడదు, అందుకని చెప్పలేదు. "దాచుతున్నావు. మీరందరూ ఒకే గూటి పక్షులు" అని విసవిసా వెళ్ళిపోయింది. మళ్ళీ వస్తానంది.

ఏం చెయ్యమంటావు?

మార్వెటా


బర్మింగ్‌హామ్
23 ఏప్రిల్ 1998

మార్వెటా,

అది మోసగత్తె. ఇందులో అనుమానమే లేదు.

కనుబొమ్మ మీద గాటు ఎవరికుండదు? మొన్న మా చర్చికొచ్చే సులా బెల్‌కి కూడా ఎవరో ఫోన్ చేసి, నీ చనిపోయిన తమ్ముడి కొడుకునని చెప్పి, ఇంటి కాగితాలు ఎక్కడున్నాయని అడిగాడు. ముసలి విధవరాళ్ళని వెతుక్కుంటూ తిరుగుతున్నారు. నా పేరు, నా ఊరు పొరపాటున కూడా చెప్పకు.

నువ్వు దాన్ని పరీక్షించాలి. మా రహస్యం మాట అడుగు. కాకపోతే నువ్వు సంఘంలో లేవు కాబట్టి అది నీకు చెప్పకూడదు. చెప్పిందంటే మా సోదరి కానే కాదు. చెప్పలేదంటే తెలియక చెప్పలేదో, నియమం వల్ల చెప్పలేదో ఎలా తేలుతుంది? ఇంత చదువుకున్నావు, నువ్వే ఏదో దారి చూడు.

పోనీ, ఇలా అడుగు. 1948లో మా గది కిటికీలోంచి ఏం కనిపించేదో చెప్పమను. చూద్దాం దాని సంగతి.

తలుపుకి రెండో గడియ కూడా వేయించుకున్న
అర్జీలియా


హాలోవెల్ కాలేజీ
14 మే 1998

పెద్దమ్మా,

అడిగాను. మాట అడిగితే "నువ్వు లోపలి పిల్లవా? కాదు కదా. మరి నోరు మూసుకో" అంది. కిటికీ సంగతి అడిగాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"కిటికీనా? మెట్ల కింద గదికి కిటికీ ఎక్కడుంది? వలేసి పట్టాలని చూస్తున్నారా? ఇంత పాపిష్టి ప్రశ్న వేసేది ఒక్కతే ఉంది ఈ భూమ్మీద. అర్జీలియా బతికే ఉందన్నమాట!"

నేను నీ పేరు చెప్పలేదు పెద్దమ్మా, నీ ప్రశ్నే చెప్పేసింది.

ఇప్పుడు అసలు సంగతి. వాళ్ళ నాన్నని ఆ క్రిస్మస్‌కి టెక్సాస్ చర్చికి మార్చారు. "పోయారు" అని ఎదురింటావిడ అన్నది అదే, ఊరు విడిచి పోయారని. ఇడెల్లా గారు అక్కడి కాలేజీలో చేరారు. అక్కడ అంతకు కొద్ది నెలల ముందే మీ సంఘం కొత్త శాఖ పెట్టారు. అక్షరాల వరసలో దానికి వచ్చిన పేరు ఒమేగా. పోయినవాళ్ళని ఒమేగాలో చేరారనడం అప్పటికి మీ బీటావాళ్ళ అలవాటే, ప్రధాన కార్యాలయానికి తెలియదు. తరవాత తెలిసి, ఆ శాఖ పేరు మార్చేశారు. నేను వాళ్ళకి ఫోన్ చేసి కనుక్కున్నాను. నేను రాసిన బదిలీయే నిజం, పెద్దమ్మా.

ఆవిడ మాటలు టేపులో రికార్డు చేశాం. పాత విద్యార్థులందరివీ చేస్తున్నాం. అందులో ఒక మాట ఉంది. నీకు రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. నా దగ్గర ఏదీ దాచకు అని చిన్నప్పటి నుంచీ నేర్పింది నువ్వే, అందుకని రాస్తున్నాను.

"టెక్సాస్ రమ్మని మా నాన్న తంతి వచ్చేసరికి అర్జీలియా ఇంటికెళ్ళిపోయింది. క్లియోఫస్ టాలివర్ నా ట్రంకు పెట్టె స్టేషన్ దాకా మోశాడు. చిరునామా చెప్పాను. అర్జీలియాకి చెప్పు, ముందు తననే రాయమను అన్నాను. ఏళ్ళు చూశాను, ఒక్క ముక్క రాలేదు. తరవాత పత్రికలో వాళ్ళ పెళ్ళి ఫొటో చూశాక అర్థమైంది ఎందుకు రాలేదో. ఇప్పుడు ఈ గోడ మీద మిగతాది చూశాను. నన్ను చంపేసి, రిబ్బను కట్టేసి, నా మనిషిని కట్టుకుందన్నమాట."

నువ్వు అలాంటిదానివి కావని నేను ఆవిడకి చెప్పాను. నమ్మలేదు.

మార్వెటా


బర్మింగ్‌హామ్
19 మే 1998

మార్వెటా,

ఆ టేపు చెరిపెయ్. ఇవాళే చెరిపెయ్.

మీ పెద్దనాన్న చర్చి పెద్ద. ఒకరి దగ్గర తీసుకున్న గొడుగు కూడా వానలో తడుస్తూ పోయి తిరిగిచ్చిన మనిషి. సమాధిలో ఉన్నాయన లేచి వచ్చి జవాబు చెప్పలేడని దానికి తెలుసు. అందుకే తప్పంతా ఆయన మీద పెట్టింది. నువ్వు ఆ మాటలు విని, యంత్రంలో ఎక్కించి, పైగా నాకు పోస్టు చేశావు. నువ్వు ఎవరి పక్షం?

ఆయన కోటు జేబులన్నీ వెతికాను. ఏముంటాయి, పిప్పరమెంటు బిళ్ళలు.

ఏటా అక్టోబరులో నేను పేర్లు చదివేటప్పుడు ఆయన మిగతా మగవాళ్ళలా హాలు గుమ్మం దాకా కూడా వచ్చేవాడు కాదు. కారులోనే కూర్చునేవాడు. "ఆ పిల్ల పేరు వింటే నాకు తట్టుకోవడం కష్టం" అనేవాడు. ఎంత మెత్తని మనసో అని మురిసిపోయాను. ఇప్పుడు రాత్రిపగలూ అదే కళ్ళ ముందు ఆడుతోంది. కారు అద్దంలోంచి ఆయన అటు తిరిగి కూర్చున్న వీపు.

రెండో పెట్టె పంపను. నాకు ఉత్తరాలు రాయకు.

అర్జీలియా టాలివర్


హాలోవెల్ కాలేజీ
2 సెప్టెంబరు 1998

పెద్దమ్మా,

వేసవంతా నీ మాట విని రాయలేదు. ఫోన్ చేస్తే పెట్టేశావు. ఇంక ఊరుకోలేను.

టేపు చెరపలేను. నీకోసం ఒకటి చెరిపితే, రేపు ఇంకొకరి కోసం ఇంకొకటి చెరపాలి. అప్పుడు మా దగ్గర ఎవరూ ఏదీ నమ్మి దాచుకోరు. కానీ మీరిద్దరూ ఉన్నన్నాళ్ళూ ఎవరూ వినకుండా మూసి ఉంచగలను. ఇడెల్లా గారు దానికి ఒప్పుకుని సంతకం పెట్టారు. నేను ఎవరి పక్షమని అడిగావు. ఆ ప్రశ్నకి నేను ఏడ్చాను, అది కూడా తెలుసుకో.

నీ అనుమతి లేకుండా ఒక పని చేశాను, తిట్టుకో. మార్చిలో నువ్వు రాసిన ఉత్తరం ఆవిడకి చదివి వినిపించాను. మెట్ల మీద కూర్చుని ఏడ్చానన్న చోట ఆపమంది. "మళ్ళీ చదువు" అంది. మళ్ళీ చదివాను. "బస్సులో వచ్చిందా? మా ఊరికా? ఆ రోజుల్లో, నల్లపిల్ల, ఒంటరిగా?" అంది. లేచి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే వచ్చి, ఇంకో టేపు పెట్టమంది. అందులో ఏం చెప్పిందో నేను రాయను. తనే చెబుతానంది.

అక్టోబరులో ఆవిడ పేర్లు చదివే సభకి వస్తోంది. నువ్వు రాకపోతే బర్మింగ్‌హామ్‌కే వస్తుందట. "దానికి గడియలు ఎన్ని ఉన్నా సరే, తలుపు తన్ని లోపలికొస్తానని చెప్పు" అంది.

నీ పక్షమే అయిన
మార్వెటా


బర్మింగ్‌హామ్
20 అక్టోబరు 1998

నా తల్లీ,

నువ్వు సంఘంలో లేవు కాబట్టి మొన్న నిన్ను హాలు బయటే ఆపేశారు. నియమం నియమమే, నేనేం చెయ్యను. అద్దంలోంచి చూశావని తెలుసు, మాటలు వినపడి ఉండవు. అందుకని రాస్తున్నాను.

నేను ముందే పోయి, తలుపుకి ఎదురుగా కూర్చున్నాను. వేషం వేసుకుని ఎవరొస్తారో పట్టుకుందామనే అనుకున్నాను, నిజం చెబుతున్నా. అది లోపలికొచ్చి, నా ముందు నిలబడి, "లావయ్యావు" అంది.

"నువ్వు బతికే ఉన్నావు" అన్నాను. 

చెయ్యి చాపింది. మా తీరులో కలపబోతే దాని వేళ్ళు కీళ్ళవాతంతో కొక్కేల్లా బిగుసుకుపోయి ఉన్నాయి, పట్టు కుదరలేదు. దాంతో చెవిలో మా మాట చెప్పాను. అది నా మొహం చూసి, "ఏమిటా కూత? తప్పు పలుకుతున్నావు" అంది. సరైనది చెప్పింది. విన్న మరుక్షణం నాకు తెలిసిపోయింది అదే నిజమని. ఎక్కడా రాసి పెట్టకుండా అంత భద్రంగా దాచి, దాచి, నేను యాభై ఏళ్ళుగా కొత్త పిల్లలందరికీ తప్పు మాట నేర్పానే! రెండో పెట్టె రైల్లో వేశాను, వచ్చేవారం అందుతుంది. అందులో ఏమున్నాయో నువ్వు చూడొచ్చు. ఆ మాట కూడా సరిచేసి కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించాను. అది మాత్రం తెరవకు.

తరవాత ఇద్దరం మూల కుర్చీల్లో కూర్చున్నాం. నేను అడిగేశాను. "నువ్వు బతికున్నావని క్లియోఫస్‌కి తెలుసా?"

అది టోపీ సరిచేసుకుంది.

"లేదు" అంది. "ట్రంకు మోసింది క్లియోఫస్ కాదు. వాడి గదిలో ఇంకో కుర్రాడు ఉండేవాడు చూడు, వాడు. ముసలితనం, కలగాపులగం చేసి చెప్పాను. మీ అమ్మాయి యంత్రంలో కూడా సరిచేసి చెప్పాను."

మెట్ల కింద గదికి కిటికీ లేదని గుర్తున్న మనిషి, యాభై ఏళ్ళ కింద చెవిలో చెప్పిన మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తున్న మనిషి, తను ప్రేమించినవాడు ట్రంకు మోశాడో లేదో మరిచిపోయిందట! నా సంగతి నీకు తెలుసు. పాలవాడు గుడ్ మార్నింగ్ అంటే కూడా ఎందుకన్నాడా అని ఆలోచించే మనిషిని. ఈ ఒక్క మాటని మాత్రం తిరగెయ్యలేదు. అలాగే మింగేశాను. దాని వంకర చెయ్యి నా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మార్వెటా, మనల్ని అంతగా ప్రేమించేవాళ్ళు అబద్ధం చెప్పినా, నిజం చెప్పినా ఒకటే అనిపించింది నాకు.

ఆ రెండు టేపులూ ఉంచు. పక్కపక్కనే ఉంచు, ఏదీ ముందు పెట్టకు. మేమిద్దరం పోయాక ఎవరైనా విని తేల్చుకుంటే తేల్చుకోనీ. నేను వినను.

ఇంక పేర్లు చదివే వేళయ్యింది. నేను కలం తీసి దాని పేరు కొట్టేయబోయాను. నా చెయ్యి పట్టుకుంది. "ఏళ్ళ తరబడి చదివారు, నేను ఒక్కసారీ వినలేదు. ఈసారి చదవాల్సిందే" అని పోయి ముందు వరసలో కూర్చుంది. ఆ నీలం టోపీ వెనకాల ఇద్దరికి ఏమీ కనబడకుండా.

ఒక్కో పేరూ చదువుకుంటూ వచ్చాను. దాని పేరు దగ్గరికొచ్చేసరికి ఎప్పటిలాగే గొణిగాను.

"గట్టిగా చదువు, అర్జీలియా! చచ్చినవాళ్ళకి వినపడొద్దూ?"

హాలంతా ఒక్కసారి ఘొల్లున నవ్వింది. నేను కళ్ళు తుడుచుకుని, నాకున్న బలమంతా పెట్టి చదివాను. "ఇడెల్లా క్రూమ్!"

అది లేచి నిలబడింది. బళ్ళో పిల్లలా ఆ వంకర చెయ్యి పైకెత్తింది.

"ఉన్నాను" అంది.

నీ పెద్దమ్మ,
అర్జీలియా